బొట్టుబిళ్ళల డిస్కులు

మా నల్లప్ప మామ దేనికీ భయపడే మనిషి కాదని తిరుమణిలో అందరూ అంటారు. అనేవాళ్ళకేం, అంటారు. ఆయన మా అమ్మ తమ్ముడు. చుట్టుపక్కల ఊళ్ళకు హార్మోనియం మాస్టరు, పౌరాణిక నాటకాలు నేర్పించడం ఆయన పని. వానాకాలంలోనే ఏదో ఒక ఊరివాళ్ళు వచ్చి ఆయన చేతిలో వక్కాకు తాంబూలం పెడతారు. అది తీసుకున్నాడంటే మాట ఇచ్చినట్టే. పంట ఇంటికి చేరాక ఇక ఆ ఊళ్ళోనే మకాం. పగలంతా చేనిపని చేసుకునే వాళ్ళను సాయంత్రం కూర్చోబెట్టి, ఒకడికి రాజు వేషం, ఒకడికి మంత్రి వేషం పంచి, పద్యం గొంతుకు ఎక్కేదాకా తిట్టి, జాతర నాటికి ఆట ఆడిస్తాడు. తిట్లలో ఆయనను మించినవాడు ఈ తాలూకాలో లేడు. ఊరి పెద్దరైతయినా సరే, రాజు వేషం కావాలంటే ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

మామ పొలం ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది. ఆ పలకలు కడిగే పనిలో నేనున్నాను కాబట్టి వాళ్ళ పొలానికి తలంటి పోసేది నేనే అని ఆయనను ఏడిపిస్తుంటాను. పొలం గుత్తకు పోయాక ఆయనకు మిగిలింది హార్మోనియం పెట్టె ఒక్కటే. అది కూడా పోతే నల్లప్ప మాస్టరు ఉత్త నల్లప్ప. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. మామ రెండు కళ్ళూ మూసుకుని, గోడ మీద చెయ్యి రాసుకుంటూ, వసారా ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నాడు. ఏదో వ్యాయామం అనుకుని నవ్వాను. నా నవ్వు వినగానే ఆయన కళ్ళు తెరిచాడు. తెరిచి నా వైపు కాకుండా నా పక్కనున్న నీళ్ళ డ్రమ్ము వైపు చూసి, ఎప్పుడొచ్చినావని అడిగాడు. నా నవ్వు ఆగిపోయింది.

వంటింట్లో మామ భార్య పెద్దక్క, మా అత్త, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. కంటిలో నరం ఎండిపోతోందట. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కన్ను గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్యన కొంచెం కనిపిస్తుంది, అది కూడా మసక. చుక్కలు వేస్తే మెల్లగా పోతుంది, వేయకపోతే తొందరగా పోతుంది, పోయింది మాత్రం తిరిగి రాదని ఆస్పత్రిలో చెప్పారట.

 మా అమ్మ బోరమ్మకు వచ్చింది కూడా అదే. అమ్మ చివరి ఏళ్ళు నట్టింట్లో ఒక మూల కూర్చోవడంలోనే గడిచాయి. ఎవరో ఒకరు ఆమె ముందు పళ్ళెం పెట్టి, పెట్టామని చెప్పకుండా పోయేవాళ్ళు. ఆమె చేత్తో తడుముకుంటే సంగటి చల్లారిపోయి ఉండేది. ఊళ్ళో ఎంత పెద్ద గొంతున్న మనిషి ఆమె! చూపు పోయాక ఆమెను ఎవరూ ఏమీ అడగడం మానేశారు. మామ అదంతా కళ్ళారా చూశాడు. నేను ఆయన అక్క కొడుకును, నేనూ చూశాను. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే ఒక కన్ను మూసి ఒక కన్నుతో క్యాలెండర్ చూసుకోవడం నాకు అలవాటయింది.

మామ నన్ను బయటికి తీసుకుపోయి గట్టిగా చెప్పాడు.

"ఎవురికీ సెప్పొద్దురా ఓబులేశా. సింధుకు గూడా. నాగలమడికోళ్ళ దగ్గర వక్కాకు తీసుకోనుండాను. గుడ్డోడు మాకేం నేర్పిస్తాడప్పా అని వాపసు తీసుకుంటారు."

సింధుశ్రీ ఆయన ఒక్కగానొక్క కూతురు. సోలార్ ఆఫీసులో కంప్యూటర్ పని. ఆమెకు చెబితే మరుక్షణమే తండ్రిని బెంగళూరు పెద్దాస్పత్రికి తోలుకుపోతుంది, ఊరంతా తెలిసిపోతుందని ఆయన భయం. సరేనన్నాను. దాచిపెట్టడం ఇంత కష్టమని అప్పుడు తెలియదు.

ఇప్పుడు డిస్కుల సంగతి చెప్పాలి. మామ దగ్గర నాటకం రాసిపెట్టిన కాగితం ఒక్కటి కూడా లేదు. ఏ ఊళ్ళో ఆట ఆడినా పావగడ నుంచి వీడియో మనిషి వచ్చి రికార్డు చేస్తాడు. దాని పాటల డిస్కు ఒకటి మాస్టరుకు ఇవ్వాలనేది ఆయన పెట్టిన షరతు. కొత్తవాడికి మంత్రి వేషం ఇచ్చాడనుకోండి, పాత ఆటలో బాగా పాడిన మంత్రి పద్యం వినిపిస్తాడు. వీడి మాదిరి ఎత్తుకో, కానీ ఆడ వీడు చేసిన తప్పు నువ్వు చేస్తే చెవి మెలిపెడతా అంటాడు. ఆయన చదువు చెప్పే పద్ధతి అది. ట్రంకు పెట్టె నిండా ఆ డిస్కులే.

ప్రతి డిస్కు మీద ఊరి పేరు మాత్రమే రాసి ఉంటుంది. తిరుమణి, నాగలమడిక, అంతే. ఏ సంవత్సరమో రాయరు. మా దగ్గర నాటకాన్ని ఊరి పేరుతోనే పిలుస్తారు మరి. ఒకే ఊళ్ళో అదే నాటకం ఎన్నోసార్లు ఆడి ఉంటారు కదా, ఎలా గుర్తుపట్టేది? దానికి మామ అత్త బొట్టుబిళ్ళలు వాడాడు. బోరు పడిన ఏడాది డిస్కుకు ఎర్ర బిళ్ళ, పలకలు పాతిన ఏడాదికి ఆకుపచ్చ బిళ్ళ, అంతకు ముందువాటికి పొడుగు బిళ్ళలు, చంద్రవంక బిళ్ళలు. మంచి రాజు వేషగాడు పాడినదైతే రాళ్ళ బిళ్ళ. ఆ లెక్క ఆయన తలలో తప్ప ఇంకెక్కడా లేదు. అత్త మాత్రం నా బొట్లన్నీ ఆ పెట్టెకే పెట్టినావని గొణిగేది.

వేళ్ళకు హార్మోనియం మెట్లు తెలుసు, చూపు లేకపోయినా వాయించగలడు. బిళ్ళ ఆకారం తెలిసినా దాని రంగు వేళ్ళకు తెలియదు. ఇది తలుచుకుంటే ఆయనకు అన్నం దిగేది కాదు. నాగలమడికలో అందరి ముందు ట్రంకు తెరిచి, ఇది ఏ డిస్కో చెప్పప్పా అని పక్కవాణ్ణి అడిగే గడియ వస్తుందని వణికిపోయాడు.

ఏమీ తెలియని సింధుశ్రీయే దారి చూపించింది. డిస్కులు బూజు పడుతున్నాయి, అన్నీ కంప్యూటర్‌లోకి దించేద్దాం నాయనా అంది. పాత ల్యాప్‌టాప్ ఒకటి, హార్డ్‌డిస్క్ ఒకటి, పాటలను స్పీకర్లకు పంపే అరచేతిలో పట్టే చిన్న డబ్బా ఒకటి తెచ్చి వైఫైకి కలిపింది. వసారాలో ఒక స్పీకర్, పడకగదిలో ఒక స్పీకర్ పెట్టింది. ఫోన్ నొక్కి నోటితో ఊరి పేరు చెబితే చాలు, ఆ ఊరి నాటకం స్పీకర్‌లో మోగుతుంది. వేరే ఊరికి పోయినా ఫోన్ ఉంటే ఇంట్లో పాటలు అక్కడికీ వస్తాయంది. మామ మొహం చూడాలి ఆ రోజు. డిస్కు చూడనక్కర లేదు, ఎవరినీ అడగనక్కర లేదు, నోటితో చెబితే చాలు. ఎవరికీ తెలియకుండా మాస్టరుగానే ఉండిపోవచ్చు. ఆయన ఆశ నాకు అర్థమయింది, అందుకే నాకూ ప్రాణం లేచొచ్చింది.

మొదటి ఆదివారం తండ్రీ కూతుళ్ళు పనికి కూర్చున్నారు. రెండో డిస్కుకే ల్యాప్‌టాప్ గుర్రుమంది. బొట్టుబిళ్ళ ఊడి లోపల అతుక్కుంది. సింధుశ్రీ చిన్న పట్టకారుతో దాన్ని లాగి, ఈ బిళ్ళలు ఎందుకు అంటించినారు నాయనా అని అడిగింది. ఎందుకో చెబితే, ఒక్కొక్కటీ చూపించి మరి ఇది ఏ ఏడాదిది అని అడుగుతుంది. రంగు ఆయనకు కనపడదు. ఊరికే అంటించినాను, పీకేయమ్మా అన్నాడు. అన్నీ పీకేసింది. నేను అక్కడే కూర్చుని టీ తాగుతున్నాను, నోరెత్తలేదు. మాట ఇచ్చానుగా.

ఆమెకు డ్యూటీ ఉంటుంది, రోజూ కూర్చోలేదు. అందుకని పద్ధతి ఆయనకే నేర్పింది. మెత్తటి గుడ్డతో డిస్కును మధ్య నుంచి అంచుకు తుడవాలి. లోపల పెట్టాలి. పేరు అడిగితే ఊరి పేరు కొట్టాలి. తర్వాత ఎంటర్ అనే పెద్ద మీట నొక్కాలి. హార్మోనియం వేళ్ళు కదా, ఏ అక్షరం ఎక్కడుందో ఆయన రెండు రోజుల్లో పట్టేశాడు. తెర వైపు చూడకుండానే కొట్టేవాడు. డిస్కు మీది పెద్ద అక్షరాలు ఎండలో కంటికి దగ్గరగా పెట్టుకుంటే ఇంకా ఎలాగో తెలిసేవి. డిస్కు తిరిగే చప్పుడు కొంచెం మారినా ఉలిక్కిపడి ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసేవాడు, జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు. కొన్నిసార్లు పేరు కొట్టాక తెర మీద ఏదో ఇంకో ప్రశ్న వచ్చేది. ఆయనకు మసకగా ఒక తెల్ల గడి కనపడేది. అత్తకు చదువు రాదు, నేను పగలంతా పలకల దగ్గర. ఇంకెవరినైనా పిలిచి చదివించుకుంటే కళ్ళ గుట్టు బయటపడుతుంది. అందుకని ఆ ప్రశ్నకు కూడా పెద్ద మీటే నొక్కేవాడు. అది ఒప్పుకునేది.

పని అయిపోయిన డిస్కులన్నీ మూట కట్టి అత్త తమ్ముడు చిన్నరంగప్పకు ఇచ్చేశాడు. ఆయనకు నాగలమడికలో ఏటి ఒడ్డున సజ్జ చేను. కంకి పాలు పోసుకునే కాలం, చిలకలు విరుచుకుపడతాయి. తళతళలాడే డిస్కులు దారానికి కట్టి వేలాడదీస్తే పిట్టలు బెదురుతాయి, మా వైపు అందరూ చేసేదే. వాటి పని అయిపోయిందిలే, చిలకలనన్నా తోలనీ అన్నాడు మామ. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

దీపావళి దాటింది. నాగలమడికలో అభ్యాసం మొదలుపెట్టే రోజు దగ్గర పడింది. ఈసారి రాజు వేషం కొత్తవాడికి. వాడికి వినిపించడానికి బోరు పడిన ఏడాది ఆ ఊరి నాటకం కావాలి, అందులో రాజు అద్భుతంగా పాడాడు. మామ ఫోన్ నొక్కి నాగలమడిక అన్నాడు. మోగింది. కానీ అది నిన్నమొన్నటి ఆట. ఇంకోటి పెట్టమన్నాడు. మళ్ళీ అదే మొదలయింది. తిరుమణి అన్నాడు. అక్కడా చివరి ఆటే.  అది ఆదివారం కావడంతో సింధుశ్రీ ఇంట్లోనే ఉంది. వచ్చి ల్యాప్‌టాప్ తెరిచి చాలాసేపు వెతికింది.

ఒక్కో ఊరికి ఒక్కటే ఉంది. ఒకే పేరు పెట్టినప్పుడల్లా కొత్తది వచ్చి పాతదాన్ని తుడిచేసింది. ఆ తెల్ల గడిలో వచ్చిన ప్రశ్న అదే: ఈ పేరుతో ముందే ఒకటి ఉంది, తీసేసి దీన్ని పెట్టాలా?

"అడిగింటాది కద నాయనా. సూడలేదా?" అంది సింధుశ్రీ.

 మామ తల వంచుకుని, "సూసేదానికి కండ్లుండల్ల కదమ్మా" అన్నాడు.

సింధుశ్రీ ఏడవలేదు. తండ్రి మొహం పక్కగా చెయ్యి అటూ ఇటూ ఆడించి చూసింది. ఆయన రెప్ప వేయలేదు. అప్పుడు ఆమె నా వైపు చూసిన చూపు నేను బతికినంతకాలం మరిచిపోలేను. అత్త వంటింట్లోంచి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఇంట్లో నలుగురం ఉన్నాం, నలుగురికీ భయమే.

మర్నాడు పొద్దున్నే మామ బండి తీయరా అన్నాడు. పావగడ మీదుగా నాగలమడిక చేరేసరికి ఎండ ఎక్కింది. దారి పొడుగునా ఆయన నా భుజం పట్టుకునే ఉన్నాడు, గోళ్ళు దిగేంత గట్టిగా. డిస్కులు దొరికితే చాలు, మళ్ళీ దించుకుందాం, వాళ్ళకు తెలియకుండా పని కానిచ్చేద్దాం అని అదే మాట అంటూ వచ్చాడు. నేను ఊఁ కొట్టాను.  కానీ చిన్నరంగప్ప చేనికి ఆనుకుని ఉన్న చేను ఎర్రప్పది. మామకు వక్కాకు ఇచ్చిన నాటక పెద్ద ఆయనే.

అనుకున్నట్టే ఎర్రప్ప గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను బండి ఆపి, మామా, ఈడే నిలబడు, నేను తెస్తా అన్నాను. ఆయన వినలేదు. తన డిస్కులు తనే తీసుకోవాలన్న ఆత్రం. సజ్జ కోత అయిపోయి మోళ్ళు మిగిలాయి, పైన దారాలకు డిస్కులు ఇంకా వేలాడుతున్నాయి. మామ మోళ్ళలోకి నడిచి రెండు చేతులూ పైకెత్తాడు. డిస్కు ఆయన ఎడమ చెవి పక్కన ఊగుతుంటే, ఆయన కుడి పక్కన ఉత్త గాలిని తడుముతున్నాడు. ఒకటి వచ్చి నుదుటికి తగిలింది. దాన్ని పట్టుకోబోయేలోగా అది వెనక్కి పోయింది. మోడుకు కాలు తట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాడు.

నేను పరుగెత్తుకెళ్ళి లేపాను. ఒక డిస్కు తెంపి ఆయన చేతిలో పెట్టాను. పెట్టకుండా ఉంటే బాగుండేది. రాసిన పేరు ఎండకు వెలిసిపోయింది. పైపొర పొట్టు మాదిరి లేచి ఆయన వేళ్ళకు అంటుకుంది. డిస్కులోంచి అవతలి చేను కనిపిస్తోంది. ఆయన దాన్ని వేళ్ళతో రాస్తూ, ఇది యా ఊరిదిరా అని అడిగాడు. 

ఎర్రప్ప గట్టు దిగి వచ్చాడు. మామకు ఎండ పడడం లేదు, తల తిరిగింది అని నేనేదో మొదలుపెట్టాను. ఎర్రప్ప నన్ను పట్టించుకోలేదు.

"మాస్టరూ, నీకు కండ్లు కనపడ్తాండాయా లేదా?"

పారిపోదామంటే ఎటు పోవాలో మామకు తెలియదు. ఆ డిస్కును రొమ్ముకు ఆనించుకుని నిలబడ్డాడు.

"లేదు ఎర్రప్పా. ఒగటి పోయింది, ఇంగోటి పోతాండాది. మీరు వక్కాకు ఇచ్చినప్పుడే ఇట్లుండె. సెప్పలేదు. భయమైంది. ఇప్పుడూ భయమైతాండాది."

ఊళ్ళను గడగడలాడించిన మనిషి నోటి నుంచి ఆ మాట వినలేక నేను తల తిప్పుకున్నాను. ఎర్రప్పకు కోపం వచ్చింది, అది దాచుకోలేదు కూడా. ముందే చెప్పాల్సింది అన్నాడు. వేషగాళ్ళు అప్పులు చేసి దుస్తులు బాడుగకు మాట్లాడుకున్నారు, జాతర ముందర ఆట చెడితే ఊరికి ఎంత తలవంపు అన్నాడు. అడుగులు ఎవరు చూపిస్తారు, చేతులు ఎట్లా తిప్పాలో ఎవరు చెబుతారని అడిగాడు.  చివరికి ఎర్రప్ప, నేనొక్కణ్ణే చెప్పేది కాదు, ఊళ్ళో అడిగి కబురు చేస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

మేం దొరికిన డిస్కులన్నీ తెంపుకుని ఇంటికి వచ్చాం. సింధుశ్రీ ఒక్కొక్కటే పెట్టి చూసింది. చెట్టు నీడలో వేలాడినవి ఏవో రెండు మాత్రం తెరుచుకున్నాయి, మిగిలినవాటికి ల్యాప్‌టాప్ గురగురలాడి ఊరుకుంది. తెరుచుకున్న రెండింటిలోనూ మామ అడిగిన రాజు లేడు.

కబురు రాలేదు. ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. వీధిలో బండి చప్పుడు వినపడితే మామ లేచి కూర్చునేవాడు, అది దాటిపోతే మళ్ళీ పడుకునేవాడు. స్పీకర్లో ఏమీ పెట్టనిచ్చేవాడు కాదు. హార్మోనియం పెట్టె మీద దుప్పటి కప్పించాడు. ఒకసారి అత్త ఆయన ముందు పళ్ళెం పెట్టి పొయ్యి దగ్గరకు పోయింది. ఆయన పెద్ద గొంతుతో, పెడితే పెట్టినానని చెప్పవే అని కేకవేశాడు.  ఆయన ఏం తలుచుకున్నాడో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే తలుచుకున్నాను. సింధుశ్రీ మామను చూపించడానికి ఆస్పత్రిలో రోజు ఖాయం చేసుకుంది. నన్ను కూడా చూపించుకోమంది. నేను వాయిదా వేస్తున్నాను. పరీక్ష చేయించుకుంటే ఏం చెబుతారోనని నాకు భయం. మామను తప్పుపట్టే ముఖం నాకు లేదు.

ఒక పొద్దున జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. ఎర్రప్ప దిగాడు, వెనకాల ఇంకో ఇద్దరు దిగారు. మా వైపు మాట వెనక్కి తీసుకునేవాళ్ళు కూడా మర్యాదగా ఇంటికే వస్తారు. మామ వసారా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.  ఎదురిళ్ళ వాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు. ఎర్రప్ప చెప్పులు విడిచి లోపలికి వచ్చి చుట్టూ చూశాడు.

"పెట్టె యాడుండాది మాస్టరూ? బండిలో పెట్టిస్తా."

ఆ ఇద్దరూ దుప్పటి తీసి హార్మోనియం మోసుకుపోయారు. అడుగులు పాత ఆటగాళ్ళు చూపిస్తారట. గొంతు తప్పినవాణ్ణి తిట్టడం మాత్రం మాస్టరు పనేనట. బస్సుకు రావద్దు, తీసుకుపోవడం తీసుకురావడం మేం చూసుకుంటాం అన్నాడు ఎర్రప్ప. సింధుశ్రీ తండ్రి జేబులో ఫోన్ పెట్టి, ఆడ పాడిన ప్రతిదీ పంపించండి, ఈసారి పేర్లు నేను పెడతా అంది.

మామ గడప దాకా వచ్చి ఆగిపోయాడు. ముందు రెండు మెట్లు, తర్వాత వీధి, వీధి నిండా జనం.  నేను ఆయన పక్కకు వెళ్ళబోతే సింధుశ్రీ నా చొక్కా పట్టుకుని ఆపింది. కాసేపటికి మామ అందరూ చూస్తుండగా కుడి చెయ్యి ముందుకు చాపాడు, పట్టుకోమని. కానీ ఎర్రప్ప ఉన్నది ఎడమ పక్కన.  ఎర్రప్ప చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి, ఆ చెయ్యి పట్టుకున్నాడు.